తారక్క గిన్నెల కోర్టు

మా తారామణి అక్క లెక్కల, ప్రపంచంల మనుషులు రెండే రకాలు. గిన్నె నింపి తిరిగిచ్చేటోళ్లు మంచోళ్లు. ఖాళీ గిన్నె తిరిగిచ్చేటోళ్లు చెడ్డోళ్లు. అంతే. మధ్యల ఇంకో రకం లేదు, అప్పీలు లేదు, వాయిదా లేదు.

నాచారంల మా సాయి సన్నిధి అపార్ట్‌మెంటుకు ఐదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు. తారక్కది రెండో అంతస్తు. ఆమె తలుపుకు ఎదురు తలుపు నాది. పదకొండేండ్ల సంది ఎదురుంగనే ఉంటున్న గాబట్టి ఆమె గురించి సాక్ష్యం చెప్పే హక్కు నాకున్నది. నా పేరు దయాకర్. ఇండస్ట్రియల్ ఏరియాల ఒక ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీల స్టోర్స్ చూస్త. అపార్ట్‌మెంట్ అసోసియేషనుకు సెక్రటరీని కూడ నేనే. దానికి పెద్ద అర్హత ఏం లేదు. ఎన్నికల నాడు మీటింగుకు ఆలస్యంగ పోయిన. నేను మెట్లు దిగేసరికి చప్పట్లు కొడుతున్నరు. ఎందుకని అడిగితే నేనే గెలిచిన్నట.

తారక్క పొద్దుగాల లేచి ఏది వండినా ఒక గిన్నె పక్కకు తీస్తది. బెండకాయ పులుసు, తోటకూర పప్పు, మక్క గారెలు, సర్వపిండి, ఏదైతె అది. ఆ గిన్నె ఏదో ఒక ఇంటికి పోతది. ఉప్పల్ మార్కెట్ల స్టీలు సామాన్ల దుకాణంల కూసోని, ప్రతి గిన్నె మీద తన పేరు చెక్కిచ్చుకున్నది. గిన్నె పోయినప్పుడు ఆమె ఏం మాట్లాడదు. వచ్చినప్పుడు కోర్టు మొదలైతది. మూత తీస్తది. లోపల చక్కెర ఉంటె మంచోళ్లు. నాలుగు పచ్చిమిరపకాయలున్నా మంచోళ్లే. కరివేపాకు రెమ్మ ఉన్నా సరే. ఏం లేకపోతే మెట్ల మీద నిలవడి, ఐదంతస్తులకూ వినపడేటట్టు తీర్పు చెప్తది.

"మూడో అంతస్తు ఉమాపతి గారూ! మీరు చెడ్డోళ్లని ఇయ్యాల తేలిపోయింది!"

పాపం ఉమాపతి సారు రైల్వేల ముప్పై ఆరేండ్లు నౌకరి చేసి మచ్చ లేకుండ రిటైరైన మనిషి. గా మచ్చ తారక్క రెండు నిమిషాలల్ల పెట్టింది.

నేను ఆ ఇంట్ల దిగిన కొత్తల ఆమె మాకు గిన్నె పంపింది. మా హిమజ తెలివైంది. రెండు నిమ్మకాయలు పెట్టి తిరిగి పంపింది. తారక్క నిమ్మకాయలు పట్టుకోని మా గడప మీదకు వచ్చి, నన్ను కిందికెల్లి మీదికి చూసి "మంచోళ్లే" అన్నది. గా ఒక్క మాటకు నేను వారం రోజులు ఛాతి ఇరిచి నడిచిన.

గిన్నె మీద గింత నమ్మకం ఎందుకంటరా? ఆమె నౌకరి గసుంటిది. తార్నాక దిక్కు ఒక సర్కారీ పరిశోధనశాలల గాజు సామాను కడిగే పని. ముప్పై ఏండ్లు బీకర్లు, ఫ్లాస్కులు, టెస్టుట్యూబులు కడిగింది. సైంటిస్టులు పేపర్లు రాస్తె ఈమె చదవలే, ఉపన్యాసాలిస్తె వినలే. "తమ్మీ, వాళ్లు లోపల ఏం చేసిన్రో, సగంల ఇడ్సిపెట్టి క్యాంటీనుకు పోయిన్రో, పక్కోని సామాను వాడుకున్రో, నాకు బీకరే చెప్తుండె" అని అంటది. రిటైరైనంక బీకర్లు పోయినై, గిన్నెలు మిగిలినై.

నేను ఒకసారి ధైర్యం జేసి అడిగిన.

"అక్కా, గిన్నె ఖాళీగ ఇచ్చినోని లోపల మంచితనం ఉండొచ్చు కద?"

"లోపల ఏమున్నదో చూసెతందుకు నేనేమన్న స్కానింగ్ సెంటరా?"

మా హిమజ కూడ చెప్పి చూసింది. "మంచి చెడు మనసుల ఉంటది అక్కా."

"ఉండనీ బిడ్డా. మనసును తోముతందుకొస్తదా? గిన్నెనైతె తోమొచ్చు."

నాలుగో అంతస్తుల హృషికేశ్ అని సాఫ్ట్‌వేర్ పిలగాడు ఉంటడు. ఒంటరి మనిషి. ఇంట్ల ఉప్పు కూడ ఉండదు, రెండు లాప్‌టాప్‌లుంటై. ఖాళీ గిన్నె తెచ్చి, చెడ్డోడివన్నంక తప్పిచ్చుకునేతందుకు చూసిండు.

"ఆంటీ, మంచి, చెడు అని సెపరేటుగా ఏం ఉండవు. అంతా మనం చూసే దాన్ని బట్టి ఉంటది. ఖాళీ గిన్నె అంటే ఖాళీ కాదు. అది సింప్లిసిటీ."

"గట్లనా బిడ్డా? అయితె రేపటి సంది నీకు గిన్నొక్కటే పంపుత. కూర ఉన్నదనుకోని చూడు."

తెల్లారి హృషికేశ్ గిన్నెల నాలుగు చాక్లెట్లు పెట్టి పంపిండు. చూసే దాన్ని బట్టి ఉంటది అన్న ముచ్చట మల్ల ఎత్తలే.

ఇగ మా అసోసియేషన్ ప్రెసిడెంటు పరంధామయ్య గారు. తెనాలి దిక్కోళ్లు. ఒక కేంద్ర ప్రభుత్వ కంపెనీల పెద్ద ఇంజినీరు చేసి రిటైరైన్రు. ఆయన లెక్కల మంచి అంటె నియమం, చెడు అంటె నియమం తప్పుడు. అపార్ట్‌మెంటుకు ఆయన రాసిన నిబంధనలు నలబై మూడు పేజీలు. లిఫ్టుల నవ్వుతందుకు కూడ ఏదో ఒక నిబంధన ఉండే ఉంటది, నేను చదవలే. తారక్క గిన్నె పోయిందంటె ఆయన ప్రతిసారి రెండంటె రెండు పటికబెల్లం ముక్కలు పెట్టి పంపుతరు.

"నియమం ప్రకారం ఇది ఖాళీ కాదు కదండీ తారామణి గారూ?"

"కాదు సార్. మీరు మంచోళ్లే" అని ఆమె పండ్లు కొరుకుతది. తలుపేసుకున్నంక నాతోని అంటది, "చట్టం ఒప్పుకుంటది తమ్మీ, నా పానమే ఒప్పుకోదు."

అన్నిటికంటె విచిత్రం ఆమె వేసే శిక్ష. చెడ్డోళ్లని తేలినోళ్లకు తెల్లారి సందే ఇంకా పెద్ద గిన్నె పోతది. కూర ఒక్కటే కాదు, అన్నం, పప్పు, చారు అన్నీ కలిపి, గిన్నె సరిపోక పెద్ద గంజు నిండ పోతది. "ఇంత పెట్టినా మల్ల ఖాళీయే ఇస్తరా, సూస్త. సిగ్గొచ్చేదాక పంపుత" అని ఆమె పంతం. నాకు కడుపు మండింది. పదకొండేండ్ల సంది నిమ్మకాయలు, చక్కెర, పల్లీలు పెట్టి మంచోని లెక్క బతుకుతున్న. నాకొచ్చేది అరచెయ్యంత గిన్నె.

"అక్కా, మంచోళ్లకు చిన్న గిన్నె, చెడ్డోళ్లకు గంజు. గిదేం న్యాయం?"

"జైల్ల ఉన్నోళ్లకు సర్కారు అన్నం పెడ్తదా లేదా?"

"పెడ్తది."

"బయట తిరిగే మంచోళ్లకు పెడ్తదా?"

"పెట్టది."

"మరి?"

గా "మరి"కి నేను నా చిన్న గిన్నె తీస్కోని ఇంట్లకు వచ్చిన.

గిట్ల నవ్వుకుంట ఉంటె మొన్న ఎండకాలం ఒక పంచాయితి అయింది. మా వాచ్‌మన్ ఉపేందర్ గురించి. వాళ్లది జనగామ దిక్కు. సెల్లార్ల మీటర్ బోర్డుల పక్కన చిన్న రూముల ఉపేందర్, భార్య సారలమ్మ ఉంటరు. మా అపార్ట్‌మెంట్ల పని జంటకే ఇస్తరు. మొగుడు గేటు, మోటరు చూసుకోవాలె. పెండ్లాం ఐదంతస్తుల మెట్లు ఊడ్చి తుడువాలె. ఇద్దరిట్ల ఎవలు పని చెయ్యకున్నా ఇంకో జంటను తెచ్చుకోవాలె అని పరంధామయ్య గారి నలబై మూడు పేజీలల్ల పద్నాలుగో పేజీల ఉన్నది.

మార్చి నెల సురువుల సారలమ్మ కనిపించుడు బందయింది. "వాళ్లమ్మకు పానం బాగలేదంటె ఊరికి పోయింది సార్" అన్నడు ఉపేందర్. మెట్లు మాత్రం మేం లేచేసరికి శుభ్రంగ ఉంటున్నయి. మెట్లు శుభ్రంగ ఉంటె ఊడ్చినోళ్లు ఎవలని అడిగే మనిషి మా ఇరవై ఫ్లాట్లల్ల ఒక్కడు కూడ లేడు, నాతోని కలిపి.

గప్పటి సందే ఉపేందర్ దగ్గరికెల్లి తారక్క గిన్నె ఖాళీగ వచ్చుడు మొదలైంది. ఒకనాడు, రెండు నాళ్లు కాదు, నెలన్నర. ఇగ మా మెట్ల మీద రోజూ పొద్దుగాల ఎనిమిదిన్నరకు తీర్పు.

"ఉపేందర్! నువ్వు చెడ్డోనివి! గీ బిల్డింగుల నీ అంత చెడ్డోడు ఇంకొకడు లేడు!"

"తప్పైంది అమ్మా."

"తప్పైందని రోజు అంటవు, గిన్నెల చారెడు చక్కెర వెయ్యవు. సిగ్గున్నదా నీకు?"

"లేదమ్మా."

"అయితె తీస్కో, శిక్ష!" అని గంజు చేతుల పెడ్తది. ఆయన తల వంచుకోని కిందికి దిగుతడు. మేం తలుపుల సందులకెల్లి చూసి నవ్వుకుంటుంటిమి. హృషికేశ్ అయితె మా వాట్సాప్ గ్రూపుల "ఇవాళ్టి నంబర్ వన్ విలన్" అని రోజు పెట్టేటోడు. ఆఖరికి ఉమాపతి సారు కూడ దానికి నవ్వే బొమ్మ పెట్టేటోడు.

ఏప్రిల్‌ల ఒక ఐతారం ఉపేందర్ సెలవు అడిగిండు. కీసర గుట్టకు మొక్కున్నది, పొద్దుగాల పోయి మాపటికి వస్త అన్నడు. దేవుని పని గద, పరంధామయ్య గారు సంతకం పెట్టి మరీ ఇచ్చిన్రు. గా రోజే ఉప్పల్ స్టేడియంల క్రికెట్ మ్యాచి. ఎండ మస్తున్నది. మధ్యాహ్నం పన్నెండింటికి ట్యాంకుల నీళ్లు అయిపోయినై. మోటరు వేసేతందుకు మనిషి లేడు, మోటరు రూము తాళం యాడున్నదో ఎవలకు తెల్వదు. సరిగ్గ గప్పుడే పరంధామయ్య గారు తలకు సబ్బు పెట్టుకోని ఉన్నరు. గంటన్నర గట్లనే ఉన్నరు. ఆఖరికి హైమావతి అమ్మ, అంటె ఆయన భార్య, ఫ్రిజ్జుల తాగే నీళ్ల సీసాలు తీసి పోసింది. చల్లటి నీళ్లు పడ్డప్పుడు ఆయన పెట్టిన కేక నేను రెండో అంతస్తుల విన్న.

సాయంత్రం నాలుగింటికి గ్రూపుల ఒక ఫోటో వచ్చింది. మ్యాచికి పోయిన హృషికేశ్ పెట్టిండు. స్టేడియం పార్కింగుల, పసుపు పచ్చ జాకెటు ఏస్కోని, నోట్ల విజిలు పెట్టుకోని, కార్లకు చెయ్యి చూపెడుతున్నడు మా ఉపేందర్. కింద రాసిండు: "మన విలన్ ఇక్కడున్నాడు!" పిలగాడు నవ్వులాటకే పెట్టిండు. పరంధామయ్య గారు నవ్వలే.

ఐదు నిమిషాలల్ల మా ఇంటికొచ్చిన్రు. చెవి పక్కన సబ్బు ఇంకా ఎండిపోయి ఉన్నది.

"దయాకర్ గారూ, ఇది నీళ్ళ గురించి కాదండీ. సబ్బు గురించి అసలే కాదు. ఇది సూత్రానికి సంబంధించిన విషయం. దేవుడి పేరు చెప్పి అబద్ధమాడాడు! శనివారం సాయంత్రం అత్యవసర సమావేశం పెట్టండి. తీసెయ్యాల్సిందే. వారంలో గది ఖాళీ చెయ్యాలి."

"ఒక్క తప్పుకే తీసేస్తమా సార్?"

"ఒక్కటా? తారామణి గారు నెలన్నర నుంచీ మెట్ల మీద నిలబడి చెబుతున్నారు, అతను చెడ్డవాడని. మనమే పట్టించుకోలేదు. ఆవిడ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. ఆవిడే మన ప్రధాన సాక్షి."

నేను కాయిదం, పెన్ను పట్టుకోని ఎదురు తలుపు కొట్టిన. తారక్క పొయ్యి కాడ ఉన్నది. సంగతంత చెప్పిన. నేను గా ఇంటికి ఎన్నిసార్లు పోయిన్నో లెక్క లేదు గని, ఆమె కూసుండంగ చూసింది గదే మొదటిసారి. గరిట చేతుల పట్టుకొనే స్టూలు మీద కూలవడ్డది.

"నేనన్నది గట్ల కాదు తమ్మీ."

"మరెట్లక్కా? రోజు చెడ్డోడు, చెడ్డోడు అని నువ్వే అంటివి గద."

ఆమె లేచి, అరుగు మీదున్న ఖాళీ గంజు తెచ్చి నా ముందట పెట్టింది. ఉపేందర్ గా రోజు పొద్దుగాల తిరిగిచ్చింది.

"అంచు కింద వేలు పెట్టి చూడు."

పెట్టిన. వేలుకు పసుపు అంటింది.

"సారలమ్మ గిన్నె తోమితె చింతపండు పెట్టి అంచు కింద దాక తోముతది. అడుగు తెల్లగ మెరుస్తది. ఇది మగోడు తోమిన గిన్నె. లోపల ఒక్కసారి తిప్పి, నీళ్లు పోసి, అయిపోయిందనుకున్నడు. ఊరికి పోయిందంటె నమ్మిన. గని రెండో నాడు గిన్నెల రెండు ఎంగిలి వాసనలు. ఒకటి కారంతోని తిన్నది, ఒకటి ఉత్త మజ్జిగతోని తిన్నది. ఇద్దరు తింటున్నరు, ఒక్కడు తోముతున్నడు."

ముప్పై ఏండ్లు బీకర్లు కడిగిన మనిషికి ఏం దాస్తం? మూత మర్చిపోయిన్నని వంక పెట్టి ఆమె సెల్లారుకు పోయిందట. పరద సందులకెల్లి చూస్తె రూముల సారలమ్మ చాప మీద పండుకోని ఉన్నది, మొగుడు పెండ్లాల మాటలు ఈమె చెవుల పడ్డయి. గర్భసంచి ఆపరేషన్ అయింది. మూడు నెలలు వంగొద్దు, బరువు లేపొద్దు అని డాక్టరు చెప్పిండు. ఈ సంగతి తెలిస్తె పద్నాలుగో పేజీ తీస్తరు, ఇంకో జంట వస్తది, వీళ్లు రోడ్డు మీద పడ్తరు. గందుకే ఉపేందర్ పొద్దు పొడవకముందే లేచి మెట్లు ఊడుస్తున్నడు, తుడుస్తున్నడు, వండుతున్నడు, మల్ల గేటు కాడ ఏం తెల్వనట్టు కూసుంటున్నడు. స్టేడియంల కూలీకి పోయింది కూడ మందుల కోసమే.

"మరి నువ్వేం చేసినవక్కా?"

"ఏం చేస్త? మూత కోసం వచ్చిన్నని చెప్పి, ఏం చూడనట్టు మూత తీస్కోని వచ్చిన. తెల్లారి, రోజు కూర పంపుత అంటె వద్దన్నడు. 'ఉత్తగ తినుడు మాకు అలవాటు లేదమ్మా' అన్నడు. గందుకే చెడ్డోణ్ణి చేసిన. శిక్షను వద్దనరాదు గద?"

నేను గంజునే చూసుకుంట కూసున్న. ఉమాపతి సారు చెడ్డోడని తీర్పు వచ్చింది ఎప్పుడు? ఆయన ఒక్కడే నెల రోజులు కాలికి పిండికట్టుతోని పడి ఉన్నప్పుడు. హృషికేశ్ ఎప్పుడు? నౌకరి పోయి, ఎవలకు చెప్పక, పొద్దంత ఇంట్లనే తలుపేసుకోని ఉన్నప్పుడు. పదకొండేండ్లల్ల ఆమె చెడ్డోళ్లని తిట్టినోళ్లందరినీ మనసుల తిప్పి చూసుకున్న. ఒక్కడు కూడ చెడ్డోడు లేడు. అందరూ కష్టంల ఉన్నోళ్లే. గది చెప్పబోయిన.

"ఇగో, దయ, గియ అని మొదలుపెట్టకు. చట్టం చట్టమే" అని నా నోరు మూసింది. మల్ల ఆమే గొంతు తగ్గించింది. "గిప్పుడు నిజం చెప్తె పద్నాలుగో పేజీ. చెప్పకుంటె నా తిట్లే వాని మెడకు పడ్తయి. నవ్వులాటకు అరిచిన్నా, అన్నం కోసం అరిచిన్నా, అరిచింది నా నోరే గద తమ్మీ. నా నోటితోని వాళ్ల గూడు పోతే ఇగ నేను చెయ్యి పెట్టి ఎవలకు వడ్డించను?"

ఆమె కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. కాయిదం ఖాళీగనే తీస్కోని వచ్చిన.

శనివారం సాయంత్రం ఐదింటికి సెల్లార్ల కుర్చీలేసినం. ఇరవై ఫ్లాట్లకు ఇరవై అభిప్రాయాలు. నీళ్లు రాని నాటి కంటె గా రోజే ఎక్కువ చెమట పోసింది. పరంధామయ్య గారు లేచి సత్యం గురించి ఇరవై నిమిషాలు చెప్పిన్రు. ఉమాపతి సారు "ఎవలి పాపం వాళ్లది, పైన దేవుడు చూసుకుంటడు, మనకెందుకు" అన్నడు. కింది ఫ్లాటాయన "దేవుడు చూసుకుంటడు సరే, మోటరు ఎవలు చూసుకుంటరు" అన్నడు. ఒకామె మంచోడైతె నవ్వుకుంట నమస్తే పెడ్తడని, ఇంకొకామె గట్ల నవ్వెటోళ్లనే అస్సలు నమ్మొద్దని పంచాయితి పెట్టుకున్నరు. ఫోటో పెట్టిన పాపానికి హృషికేశ్ మొహం చిన్నగ చేసుకోని లేచిండు.

"అంకుల్, మంచి, చెడు అని గీత గీసి చెప్పలేం. మనిషి పరిస్థితి చూడాలి, నేపథ్యం చూడాలి..."

"నేపథ్యం కాదయ్యా, సబ్బు!" అని అరిచిన్రు పరంధామయ్య గారు. అరిచినంక నాలుక కరుచుకున్నరు. "అంటే... సూత్రం."

ఉపేందర్ మీటర్ బోర్డుల కాడ చేతులు కట్టుకోని నిలవడ్డడు. ఆయన ఎన్కనే రూము తలుపుకు పాత చీర పరద. గా పరద రెండుసార్లు కదిలింది. గాలి లేదు. నాకు, తారక్కకు తప్ప ఎవలకు పట్టలే.

"తారామణి గారూ, మీరు చెప్పండి. ఉన్నదున్నట్టు చెప్పండి. ఇతను మంచివాడా, చెడ్డవాడా?"

తారక్క లేచింది. కొంగు నడుముకు చెక్కుకున్నది.

"చెడ్డోడు."

ఉపేందర్ తల వంచిండు.

"మామూలు చెడ్డోడు కాదు, నంబర్ వన్. నెలన్నర సంది ఖాళీ గిన్నె. రాస్కో తమ్మీ."

"రాసుకోండి సెక్రటరీ గారూ" అని పరంధామయ్య గారు కుర్చీల వెనక్కి వాలిన్రు.

"ఇంకోటి కూడ రాస్కో. గీయనకు నేను శిక్ష ఏసిన. శిక్ష నడుస్తున్నది. నడిమిట్ల విడుదల చేసేతందుకు మీరెవలు సార్?"

"విడుదల కాదండీ, తొలగింపు."

"గేటు దాటి పోతె నాకు రెండూ ఒకటే. పోతె నా శిక్ష ఎవలు తింటరు?" అన్నది. సర్దుకున్నది. "అనుభవిస్తరు?"

"అది కాదండీ..."

"ఏది కాదు? నేరం చేసినోణ్ణి శిక్ష కాకముందే ఇడ్సిపెట్టుడు మీ నలబై మూడు పేజీలల్ల యాడున్నది? చూపెట్టున్రి. గింత చెడ్డోణ్ణి పక్క అపార్ట్‌మెంటోళ్ల మీదికి తోలుతరా? వాళ్లేం పాపం చేసిన్రు? గిదేనా మీ సూత్రం?"

సూత్రం మాట ఇనంగనే పరంధామయ్య గారు నిటారుగ కూసున్నరు. ఆలోచన పడ్డది. ఆయన మొండి మనిషే గని లెక్క తప్పని మనిషి. సూత్రప్రకారం ఆమె మాటల తప్పు దొరకలే.

"శిక్ష ఎన్నాళ్ళండీ?"

"బుద్ధి వచ్చేదాక."

"రాకపోతే?"

"యావజ్జీవం."

"ఎక్కడ?"

"గీ సెల్లార్లనే. గా రూములనే. కిటికీ లేదు, మీటర్ల చప్పుడు, దోమలు మస్తున్నయి. ఇంతకంటె పెద్ద జైలు యాడికెల్లి తెమ్మంటరు?"

ముందుగాల హృషికేశ్ చెయ్యి లేపిండు. ఎన్కనే నేను. ఉమాపతి సారు రెండు చేతులు లేపిండు. నవ్వుకుంట నవ్వుకుంట అందరూ లేపిన్రు.

"మరి దేవుడి పేరుతో ఆడిన అబద్ధం?" పరంధామయ్య గారు ఇంకా ఇడువలే.

"దానికి వేరే శిక్ష. పోత అన్న గుట్టకు పోవాల్సిందే. ఎండలు తగ్గినంక, వాని పెండ్లాం ఊరికెల్లి వచ్చినంక, ఇద్దరినీ మీ కార్ల కూసోవెట్టుకోని మీరే కీసరకు తీస్కపోయి, మొక్కు చెల్లిచ్చిన్రా లేదా అని కండ్లార చూసి రావాలె. దేవుని సంగతి మీ అంత గట్టిగ పట్టుకునేటోళ్లు ఇంకెవలున్నరు సార్ గీడ?"

పొగడ్తనో, తిట్టో ఆయనకు సమజ్ కాలే. తీర్మానం మూడుసార్లు చదివి సంతకం పెట్టిన్రు. "వాచ్‌మన్ ఉపేందర్‌కు సెల్లారు గదిలో యావజ్జీవ శిక్ష" అని టైపు చేసి నోటీసు బోర్డుకు అంటించింది కూడ ఆయనే. మోటరు రూముకు రెండో తాళంచెవి చేపిచ్చి తన జేబుల పెట్టుకున్నరు.

గా తెల్లారి నేను గేటు కాడికి పోయిన. మనసుల ఊకె గుబులుగున్నది. అందరి ముందట గట్ల చెడ్డోడు, చెడ్డోడు అంటె ఆ మనిషికి ఎంత బాధయిందో. అసలు సంగతి చెప్పాలె అనుకున్న.

"ఉపేందర్, తారక్క మాట మనసుల పెట్టుకోకు. ఆమె ఎందుకు తిడ్తదంటె..."

"తెల్సు సార్" అని నవ్విండు. "మొదటి నాటి సందే తెల్సు."

"ఎట్ల?"

"నెలన్నర శిక్షల ఒక్కనాడన్న వంకాయ రాలే సార్. గోంగూర రాలే. కారం లేదు, చింతపులుసు లేదు. బీరకాయ పప్పు, పొట్లకాయ, పాత బియ్యం అన్నం, మిరియాల చారు. అంత పత్యం కూరలే. చెడ్డోనికి పత్యం వండి పెట్టే జడ్జి యాడన్న ఉంటదా సార్?"

నేను గేటు పట్టుకోని ఇంకా దగ్గరికి జరిగిన.

"మరి తెల్సి కూడ గిన్నె ఖాళీగనే ఎందుకిస్తున్నవ్?"

"సారలమ్మ రోజు లొల్లి పెడ్తది సార్, జరంత చక్కెరన్న ఎయ్యమని. నేనే వద్దంట. చక్కెర ఏస్తె మంచోణ్ణైత. మంచోళ్లకు గింత చిన్న గిన్నె గద సార్!" అని గట్టిగ నవ్విండు. నవ్వినంక గొంతు మారింది. "నాకు తెల్సన్న సంగతి అమ్మకు చెప్పకున్రి సార్. తెలిస్తె ఆమె ఇగ తిట్టది. తిట్టకుంట పెడితె నాకు ముద్ద దిగది."

ఆమె ఏమో, తన తిట్ల ఎన్క సంగతి ఉపేందర్‌కు తెల్వదనుకుంటున్నది. ఈయనేమో, తెల్సిన సంగతి ఆమెకు తెల్వొద్దంటున్నడు. ఇద్దరి రహస్యం నా నెత్తిన పడ్డది. ఇంట్ల హిమజకు చెప్పకుంట రెండు రోజులు ఆగిన, మూడో నాడు చెప్పిన.

ఆ వారమే ఒకనాడు పొద్దుగాల ఎనిమిదిన్నరకు నేను ఫ్యాక్టరీకి పోతందుకు బూట్లు ఏసుకుంటున్న. మెట్ల మీద కోర్టు నడుస్తున్నది.

"మల్ల ఖాళీయేనా? నీకు బుద్ధి రాదా ఉపేందర్?"

"వస్తలేదమ్మా."

"యావజ్జీవం పడ్డా రాలే. ఇంకెప్పుడొస్తది?"

"ఇంకో ఆరు వారాలు పడ్తదన్నడమ్మా డాక్టరు."

నోరు జారిండు. జారిందని ఆయనకు అప్పుడే తెలిసింది. గంజు పట్టుకున్న చేతులు గట్లనే ఆగినై. నేను బూటు లేసు ఇడిసిపెట్టి తలెత్తి చూసిన. తారక్క ఆయన మొహంల చూసింది. ఆయన ఆమె మొహంల చూసిండు. మా హిమజ తలుపు సందుల కెల్లి కొంగు నోట్ల కుక్కుకున్నది.

"ఆరు వారాలా?" అన్నది తారక్క, ఎప్పటి లెక్కనే గట్టిగ, ఐదంతస్తులకు వినపడేటట్టు. "నువ్వు చేసిన పనులకు ఆరు సరిపోవు. ఎనిమిది ఏసిన. పో!"

"తప్పైంది అమ్మా" అని, గంజు బరువుకు ఒక పక్కకు వంగి, ఉపేందర్ మెట్లు దిగి పోయిండు.